స్థాని – ఆదేశం

వ్యాకరణం చదువుకున్నవారికి ఆగమం, ఆదేశం అనే రెండు మాటలు పరిచితమైనవే. ఉన్న వర్ణాన్ని కదలించకుండా దాని సరసన వచ్చి నిలిచేది ఆగమం. ఉన్నదానిని తొలగించి ఆ చోట తాను కూర్చునేది ఆదేశం. పాఠం చెప్పే పండితులు ఈ భేదాన్ని విద్యార్థుల మనస్సులో నాటడానికి ఆగమాన్ని మిత్రునితోను, ఆదేశాన్ని శత్రువుతోను పోల్చేవారు. తొలగిపోయినదానికి కూడ శాస్త్రం ఒక పేరు ఉంచింది. దానిని స్థాని అన్నారు. కనబడకుండా పోయినదానికి పేరు పెట్టి, ప్రక్రియ ముగిసేవరకు దానిని లెక్కలో ఉంచుకోవడం వ్యాకర్తల ప్రత్యేకత. లోకానికి అంత శ్రద్ధ లేదు. రేవు పోయి వంతెన వస్తుంది; సంత పోయి బజారు వస్తుంది; ఒక విమానాశ్రయం మూతపడి మరొకటి తెరుచుకుంటుంది. కొత్తది పనిలోకి దిగిన మరునాటికి పాతదాని ఊసు ఎవరికీ పట్టదు. పట్టవలసిన అవసరం ఉన్నదా, ఉంటే అది ఎవరికి అన్నదే ఇక్కడి ప్రశ్న.

విమానాశ్రయం అనగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించేది బేగంపేట. నిజాం పరిపాలనలో, 1930 దశకంలో వెలసిన ఆ స్థలం, 1945లో నెలకొన్న దక్కన్ ఎయిర్‌వేస్‌కు పుట్టిల్లు. దరిమిలా నగరం పెరిగి పెరిగి దానిని నాలుగు ప్రక్కల నుండి చుట్టుముట్టింది. 2008 మార్చి 22 అర్ధరాత్రితో అక్కడ సాధారణ ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయి, శంషాబాదు ఆ పనిని చేపట్టింది. ఆనాడు వినవచ్చిన అసంతృప్తి ప్రధానంగా దూరాన్ని గురించినది. ఊరి నడుమ ఉన్న చోటు పోయి ఊరి వెలుపలి చోటు వచ్చినప్పుడు అది సహజం. తరువాత వచ్చిన వివాదం పేరును గురించినది. బేగంపేటలో స్వదేశీ ప్రయాణికుల భవనానికి ఎన్.టి. రామారావు పేరు ఉండేది. 2014లో శంషాబాదులోని స్వదేశీ విభాగానికి ఆ పేరు ఉంచాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించగా, తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. పని ఒక్క రాత్రిలో ఒక చోటి నుండి మరొక చోటికి తరలిపోగలదు. పేరు మాత్రం అంత సులభంగా బండి ఎక్కదు.

అయితే ఈ దూరాల గొడవలోను, పేర్ల గొడవలోను మరుగుపడిపోయిన విషయం ఒకటి ఉన్నది. శంషాబాదు రన్‌వేను ఆకాశం మీద పరచలేదు. దానికి సుమారు 5,500 ఎకరాల నేల కావలసివచ్చింది. ఆ నేల నిన్నటివరకు మరొకరి జీవనానికి ఆధారం. బేగంపేట పోగొట్టుకున్నది తన పనిని. ఈ నేల పోగొట్టుకున్నది తన రూపాన్నే. కనుక ఒక విమానాశ్రయం స్థానంలో మరొకటి వచ్చిందని చెప్పేటప్పుడు స్థాని ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఒక స్థాని మూతపడిన పాత విమానాశ్రయం. మరొకటి కొత్త విమానాశ్రయం అడుగున పడిన పొలం. మొదటిదానికి జ్ఞాపకాలు రాసేవారు ఉంటారు, ఛాయాచిత్రాలు ఉంటాయి, చివరి విమానంలో ప్రయాణించామని చెప్పుకునేవారు ఉంటారు. రెండవదానికి దస్తావేజుల కట్టలో ఒక సర్వే నంబరు ఉంటుంది.

బేగంపేట సులభమైన ఉదాహరణ. రెండు విమానాశ్రయాలూ ఒకే నగరానికి చెందినవి, ఒకే ప్రజకు ఉపయోగపడినవి. ఇంతకంటె కఠినమైన ఉదాహరణ తెలుగుదేశానికి దూరంగా, కాని తెలుగువారి మధ్యనే ఉన్నది. అందుకోసం ఖరిదా వెళ్లాలి.

ఖరిదా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణంలో ఒక పేట. హౌరా నుండి రైలులో సుమారు 115 కిలోమీటర్లు. ఖరగ్‌పూర్ రైలు కన్న బిడ్డ. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేవేళ బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గాలు అక్కడ కలుసుకున్నాయి. వాటి వెంట కర్మాగారం వచ్చింది. కర్మాగారం వెంట మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి బయలుదేరిన తెలుగువారు అక్కడ ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా, కూలీలుగా స్థిరపడ్డారు. 1927లో ఆ రైల్వే కార్మికులు చేసిన సమ్మె దేశమంతటా ప్రసిద్ధికెక్కింది. ఆ కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయ్యారు. ఖరిదాలో ఇంట తెలుగు, బజారులో బెంగాలీ, పనిలో హిందీ మాట్లాడే కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. ఖరిదా అనే పేరు చెవిన పడగానే తెలుగువానికి ఖరీదు గుర్తుకు రావడం సహజం. పారసీలో ఆ మాటకు కొన్నది అని అర్థం. పేటకు ఆ పేరు ఎట్లా వచ్చినా, ఆ పరిసరాల చరిత్రను తలచుకున్నప్పుడు కొన్నదానికీ తీసుకున్నదానికీ మధ్య ఉన్న దూరం మనస్సులో మెదలక మానదు.

పట్టణం దాటగానే నేల రంగు మారుతుంది. ఎర్రని మొరం, అక్కడక్కడ సాలవనాలు, నడుమ వానకు ఆధారపడిన వరి చేలు. సంతాలులు, లోధాలు తరతరాలుగా తిరుగాడిన నేల అది. అక్కడ ఉన్న భూమి అంతా పంటభూమి అని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే పంట పండని నేల ఎవరిదీ కాదనుకోవడం సర్కారు రికార్డులకు అలవాటైన పొరపాటు. విస్తరాకులు కుట్టుకునేవానికి, పశువులు మేపుకునేవానికి, వంటచెరకు ఏరుకునేవానికి అడవి ఎవరిదో బాగా తెలుసు.

1942లో బర్మా జపాను వశమయింది. తూర్పు భారతం యుద్ధరంగానికి సరిహద్దు అయింది. మేదినీపూర్ ప్రాంతంలో అంతకు ముందే మొదలైన విమానస్థావరాలను 1943–44లో అమెరికా వాయుసేన కోసం విస్తరించారు. ఖరగ్‌పూర్‌కు చేరువలోని సాలువా, కలాయికుండా, దుధ్‌కుండి, ఇంకొంత దూరంలోని పియర్‌డోబా, చాకులియా ఈ విధంగా ప్రపంచ యుద్ధపు పటంలోకి ఎక్కిన ఊళ్లు. రైలు కూడలి ఉండటం, కలకత్తా రేవు దగ్గరగా ఉండటం వాటి అదృష్టమో దురదృష్టమో. బి-29 అనే నాలుగు ఇంజన్ల భారీ విమానానికి ఏడువేల అడుగులకు పైబడిన రన్‌వే అవసరం. అమెరికా ఇంజనీర్ల ఆధ్వర్యంలో వేలాది భారతీయ కూలీలు రాయి కొట్టి, తట్టలు మోసి ఆ రన్‌వేలను పూర్తి చేశారు.

1944 జూన్ 5న అక్కడి నుండి 98 విమానాలు లేచి బాంకాక్ మీద దాడికి వెళ్లాయి. బి-29కి అదే మొదటి యుద్ధయాత్ర. నార్మండీ తీరంలో మిత్రసైన్యాలు దిగడానికి అది ముందురోజు కనుక ప్రపంచం ఈ వార్తను అంతగా గమనించలేదు. జపాను మీదికి వెళ్లే పద్ధతి మరింత క్లిష్టమైనది. విమానాలు ముందు హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్‌డూ చేరాలి. అక్కడ ఇంధనం నింపుకొని జపానుకు వెళ్లాలి. ఆ ఇంధనాన్ని కూడ భారతదేశం నుండే గాలిలో మోసుకొనిపోవాలి. ఒక్క విమానం ఒక్కసారి జపానుకు వెళ్లిరావడానికి కావలసిన సరుకును చేరవేయడానికి అయిదారు యాత్రలు పట్టేవి. గోదావరి దాటడానికి పడవను నెత్తిన పెట్టుకొని కొండ ఎక్కినట్లు ఉన్నది ఈ ఏర్పాటు.

ఇంతలో పసిఫిక్ మహాసముద్రంలోని మేరియానా ద్వీపాలు అమెరికా చేతికి చిక్కాయి. టినియన్ ద్వీపం నుండి టోకియో సుమారు 2,400 కిలోమీటర్లు. సరుకు నేరుగా ఓడలలో వస్తుంది. హిమాలయం అడ్డు లేదు. 1945 తొలి నెలలలో ఖరగ్‌పూర్ విమానాలు ఒక్కొక్కటిగా టినియన్‌కు తరలిపోయాయి. మార్చి చివర సింగపూర్ ప్రాంతం మీద జరిగిన దాడితో ఇక్కడి నుండి వాటి పని ముగిసింది. 1944 జూన్ నుండి 1945 మార్చి వరకు లెక్కిస్తే పది నెలలు. మేదినీపూర్ నేల మీద పరచిన కాంక్రీటు ఏ పని కోసం వచ్చిందో, ఆ పనికి ఉపయోగపడిన కాలం అంతే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. అది యుద్ధకాలం. శత్రువు చిట్టగాంగు పొరుగున ఉన్నాడు. 1942 డిసెంబరులో కలకత్తా మీదనే బాంబులు పడ్డాయి. అట్టి సమయంలో నేల ఎవరిది, అడవి ఎవరిది అని విచారణ చేస్తూ కూర్చుంటే దేశం దక్కేదా? ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు. మన ధర్మశాస్త్రాలు కూడ ఆపద్ధర్మాన్ని అంగీకరించాయి. భారతంలోని శాంతిపర్వం దీని కోసం పెద్ద ప్రకరణమే కేటాయించింది. క్షామకాలంలో ఆకలికి తాళలేని విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్క మాంసం దొంగిలించిన కథ అందులోనిదే. ప్రాణం నిలుపుకోవడానికి చేసిన ఆ పనిని భారతం మహర్షి పతనంగా చిత్రించలేదు.

అయితే ఆపద్ధర్మానికి రెండు హద్దులు ఉన్నాయి. మొదటిది: ఆపద ఉన్నంతవరకే ఆ ధర్మం. అవసరమే హక్కుకు మూలమైనప్పుడు, అవసరం తొలగిన క్షణాన హక్కు కూడ తొలగాలి. విమానాలు టినియన్‌కు వెళ్లిపోయిన రోజున దుధ్‌కుండి నేల మీద అవసరానికి ఉన్న హక్కు కూడ వాటితోనే రెక్కలు కట్టుకొని ఎగిరిపోయింది. ఒక స్థలం స్థానంలో మరొక స్థలం అంత సులభంగా సరిపోయిందంటే, మొదటి స్థలం అనివార్యం కాదని అదే రుజువు. యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వమే నియమించిన బాంబుదాడుల సర్వే సంఘం 1946లో ఇంచుమించు ఇదే మాట చెప్పింది. భారత–చైనాల మీదుగా సాగిన ఈ దాడులు పెట్టిన వ్యయానికి తగిన ఫలితం ఇవ్వలేదనీ, ఆ ఇంధనాన్నే శత్రు నౌకల మీద దాడులకు వినియోగించి ఉంటే మేలుగా ఉండేదనీ ఆ సంఘం అభిప్రాయపడింది. సిబ్బందికి అనుభవం కలిగిన మాట నిజమేనని కూడ ఒప్పుకున్నది. ఆ అనుభవం ఎట్టిదో చరిత్రకు తెలుసు. 1944 ఆగస్టు చివర ఖరగ్‌పూర్ దళాలకు అధిపతిగా వచ్చిన కర్టిస్ లెమే, ఆ డిసెంబరులో చైనాలోని హాంకౌ మీద నిప్పుబాంబులను ప్రయోగించి చూశాడు. మేరియానాకు వెళ్లాక 1945 మార్చి 9–10 రాత్రి టోకియో మీద అదే పద్ధతిని అమలు జరిపాడు. ఆ ఒక్క రాత్రిలో ఇంచుమించు లక్షమంది మరణించారు.

రెండవ హద్దు ఇంకా ముఖ్యమైనది. విశ్వామిత్రుని కథలో తీసుకున్నవాడు ఆకలిగొన్నవాడు. మేదినీపూర్‌లో ఆకలిగొన్నవాని నుండి తీసుకున్నారు. 1942 అక్టోబరు 16న వచ్చిన తుపాను ఆ జిల్లా తీరప్రాంతాన్ని ముంచివేసి పద్నాలుగు వేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. దాని వెంట 1943 బెంగాల్ కరువు. 1942 ఆరంభంతో పోల్చితే 1943 ఆగస్టు నాటికి బియ్యం ధర అయిదారు రెట్లు అయింది. సైనికావసరాల కోసం బెంగాల్‌లో ముప్పైవేలకు పైగా కుటుంబాలు ఇళ్లను, పొలాలను విడిచిపోవలసివచ్చిందని 1945లో నివేదిక సమర్పించిన కరువు విచారణ సంఘం లెక్కతేల్చింది. వారికి పరిహారం చెల్లించిన మాట చెబుతూనే, వారిలో అనేకులు మరుసటి ఏడు కరువు పాలయ్యారనడంలో సందేహం లేదన్నది. సర్కారు నియమించిన సంఘమే రాసిన ఈ వాక్యానికి వేరే వ్యాఖ్యానం అనవసరం.

పరిహారాన్ని గురించి మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. పరిహారం పట్టా ఉన్నవానికి వస్తుంది. బెంగాల్‌లో పాలుకు దున్నే బర్గాదారుకు పట్టా లేదు. కూలివానికి అసలే లేదు. పట్టా ఉన్నవాని చేతికి వచ్చిన డబ్బు కూడ బియ్యం ధర ముందు నెల నెలా కరిగిపోయింది. పొలం ధాన్యాన్ని ఇస్తుంది. రూపాయి ధాన్యాన్ని ఇస్తానని మాట మాత్రమే ఇస్తుంది. 1943లో ఆ మాట తప్పింది. కొన్నదానికీ తీసుకున్నదానికీ మధ్య దూరం ఎంత అని పైన అనుకున్న సందేహానికి ఇక్కడ కొలత దొరుకుతుంది. అమ్మేవానికి వద్దు అనే స్వాతంత్ర్యం ఉన్నప్పుడే అది కొనుగోలు. దేశరక్షణ నిబంధనల క్రింద స్వాధీనం చేసుకున్నప్పుడు చెల్లించే పైకం ఎంత న్యాయమైనదైనా దానిని ఖరీదు అనడానికి వీలులేదు.

తరువాత ఆ స్థలాలు ఏమయ్యాయి? కలాయికుండా భారత వాయుసేనకు స్థావరమై నేటికీ పనిచేస్తున్నది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ విమానాలు దాని మీద దాడి చేసినప్పుడు మనవారు ఎదుర్కొన్న తీరు వాయుసేన చరిత్రలో చెప్పుకోదగినది. సాలువా సాయుధ పోలీసు దళానికి నివాసమయింది. దుధ్‌కుండి విమానాలు బాణం గురిచూసే అభ్యాసస్థలం అయింది. పౌరులు విమానం ఎక్కాలంటే ఖరగ్‌పూర్ వారు నేటికీ కలకత్తా డమ్‌డమ్‌కే పోవాలి. ఇన్ని రన్‌వేల నడుమ ఉన్న పట్టణానికి విమానం ఎక్కే భాగ్యం లేకపోవడం చిత్రమే.

కాని ఖరగ్‌పూర్ చరిత్రలో అందరూ గర్వంగా చెప్పుకునే మార్పు మరొకటి. పట్టణానికి ఆనుకొని ఉన్న హిజ్లీలో బ్రిటిష్ ప్రభుత్వం 1930లో రాజకీయ ఖైదీల కోసం నిర్బంధ శిబిరం తెరిచింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాలను తీసుకొనిపోవడానికి సుభాస్ చంద్ర బోసు స్వయంగా వచ్చారు. రవీంద్రనాథ ఠాకూరు బహిరంగంగా నిరసించారు. 1942లో శిబిరం మూతపడింది. యుద్ధకాలంలో ఆ భవనమే అమెరికా బాంబరు దళాలకు ప్రధాన కార్యాలయమయింది. స్వాతంత్ర్యం తరువాత ఆ ఆవరణలోనే దేశపు మొదటి ఐ.ఐ.టి. పుట్టింది, 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ దానిని ప్రారంభించారు. 1956లో మొదటి స్నాతకోత్సవానికి వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ, చెరసాల విద్యాలయంగా మారడాన్ని రాబోయే కాలపు మార్పులకు చిహ్నంగా భావించారు. ఆ భవనాన్ని నేడు హిజ్లీ షహీద్ భవన్ అంటారు.

చెడు స్థానంలో మంచి వచ్చింది. ఇక చర్చకు తావేదీ అని అనిపించవచ్చు. చర్చ నిజానికి ఇక్కడే మొదలవుతుంది. చెరసాలకు బదులు విద్యాలయం రావడంలో ఒక నైతికమైన పొందిక ఉన్నది. అక్కడ మరణించిన యువకులు ఏ స్వతంత్రదేశాన్ని కోరి ప్రాణాలిచ్చారో, ఆ దేశమే వచ్చి విద్యాలయం కట్టింది. వారి పేరును భవనానికి ఉంచుకున్నది. ఆదేశం తన స్థానిని గుర్తించింది. విమానస్థావరాల విషయంలో అట్టి పొందిక ఎక్కడ ఉన్నది? దుధ్‌కుండి రైతు విద్యాలయాన్ని కోరలేదు, అభ్యాసస్థలాన్నీ కోరలేదు, టోకియో దగ్ధం కావాలనీ కోరలేదు. వానలు పడ్డ తరువాత దున్నుకోవడానికి నేల కోరి ఉంటాడు. తరువాత వచ్చినది ఎంత గొప్పదైనా, అతని కోరికకు అది సమాధానం కాదు. మంచి పని చేశామని ఋణదాతకు చెప్పితే ఋణం తీరుతుందా?

వ్యాకర్తలు ఈ చిక్కును తమ పద్ధతిలో ఎరుగుదురు. ఆదేశం స్థాని వలె ప్రవర్తిస్తుందని వారి సిద్ధాంతం. స్థానికి ఉన్న ధర్మాలన్నీ ఆదేశానికి సంక్రమిస్తాయి. ఒక్క మినహాయింపు మాత్రం పెట్టారు. స్థాని యొక్క వర్ణాన్నే, అంటే దాని సొంత ధ్వనినే ఆశ్రయించిన కార్యం అయితే అది ఆదేశానికి చెల్లదు. శాస్త్రం నుండి లోకానికి దిగి చూస్తే ఈ మినహాయింపులోని వివేకం ఆశ్చర్యం గొలుపుతుంది. విమానాలు దింపే పనిని ఖరగ్‌పూర్ నుండి టినియన్ పుచ్చుకోగలదు. ప్రయాణికులను బేగంపేట నుండి శంషాబాదు పుచ్చుకోగలదు. అవి పనులు. ఒక ఊరి చెరువుగట్టు మీది మర్రి, దాని క్రింది గ్రామదేవత, తాత పేరుతో పిలిచే మడిచెక్క, ఇవి ధ్వనులు. వీటికి బదులు ఏదీ లేదు. కొత్త స్థలంలో ఇల్లు ఇచ్చినా, డబ్బు ఇచ్చినా, ఆ ధ్వని పలకదు. పలకనిదానిని పలికించామని చెప్పుకోవడమే అసత్యం.

ఆదిపర్వంలోని ఖాండవ దహనం ఇట్టి సందర్భాలలో గుర్తుకు వస్తుంది. అడవి కాలిపోయింది. అందులో నుండి ప్రాణాలతో బయటపడిన మయుడు కృతజ్ఞతతో పాండవులకు సభను కట్టి ఇచ్చాడు. లోకం సభను పొగిడింది. ఆ సభను చూచి దుర్యోధనుడు అసూయపడ్డాడు. కాని ఆ అడవి నుండే తప్పించుకున్న మరొక ప్రాణి ఉన్నది. తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు. అతడు ఎవరికీ ఏమీ కట్టి ఇవ్వలేదు. ఎన్నో ఏళ్లు వేచి, కురుక్షేత్రంలో కర్ణుని బాణంలో చేరి అర్జునుని మీదికి వచ్చాడు. వ్యాసుడు సభను మాత్రమే చెప్పి ఊరుకొని ఉంటే కథకు లోటు ఉండేది కాదు. లెక్కకు లోటు ఉండేది. అభివృద్ధిని గురించి రాసే నేటి నివేదికలలో మయుడు తప్పక కనిపిస్తాడు. అశ్వసేనుని పేరు విషయసూచికలో కూడ దొరకదు.

ఈ విచారం ఖరిదాలోని తెలుగువారిని కూడ తాకకుండా పోదు. వారు అక్కడికి అధికారులుగా వచ్చినవారు కారు, కరువుకో అప్పుకో తట్టుకోలేక వచ్చినవారే ఎక్కువ. అయినా వారు నివసించిన రైల్వే క్వార్టర్ల క్రింద కూడ ఒకప్పటి పల్లె ఉన్నది; కర్మాగారం క్రింద కూడ అడవి ఉన్నది. నేలను తీసుకున్నది కంపెనీ. ఆ నేల మీద బ్రతుకు కట్టుకున్నది కూలివాడు. తీసుకున్నవాని పాపం కట్టుకున్నవానికి చుట్టుకుంటుందని అనడం అన్యాయం. అసలు సంబంధమే లేదనడం కూడ నిజం కాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించడానికి నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారు సంతోషించారు. అది వారి నూరేళ్ల నివాసానికి లభించిన గుర్తింపు. బెంగాలీని తొలగించకుండా దాని సరసన నిలిచిన తెలుగు అక్కడ ఆగమం, మిత్రుని వంటిది. తమ భాషకు ఇట్టి గుర్తింపు కోరినవారికి, తమకంటె ముందు ఆ నేలను తమ భాషలో పిలిచినవారిని గురించి తెలుసుకోవాలనే కోరిక పుట్టడం ఎంత దూరం? సంతాలీ భాషలో ఆ కొండలకు, వాగులకు ఉన్న పేర్లు ఖరిదాలో ఎంతమందికి తెలుసు? ఇది నింద కాదు. విజయనగరంలోను, శంషాబాదులోను అడిగినా సమాధానం ఇంచుమించు ఇట్లాగే ఉంటుంది.

టినియన్ కథ కూడ ముగియలేదు. అక్కడ రన్‌వేలు వేసినది జపాను కంపెనీల చెరకు తోటల మీద. 1945 ఆగస్టు 6న హిరోషిమాకు విమానం లేచింది అక్కడి ఉత్తరపు స్థావరం నుండే. ప్రపంచంలోకెల్ల పెద్దదని పేరుపొందిన ఆ స్థావరాన్ని 1947లో విడిచివేశారు. అడవి వచ్చి కాంక్రీటును కప్పింది. ఖరగ్‌పూర్‌కు ఆదేశమై వచ్చినది రెండేళ్లు తిరిగేసరికి తానే స్థాని అయింది. ఇటీవల అమెరికా వాయుసేన ఆ అడవిని నరికి పాత రన్‌వేలను మళ్లీ వెలికితీయడం మొదలుపెట్టింది. ఆపద మళ్లీ రావచ్చునని వారి అంచనా కాబోలు.

ఆనాటి బాంబరు దళాల దస్తావేజులలో ఖరగ్‌పూర్‌లో 468వ దళం, దుధ్‌కుండిలో 444వ దళం, పియర్‌డోబాలో 462వ దళం, చాకులియాలో 40వ దళం అని స్పష్టంగా రాసి ఉన్నది. ఏ రోజున ఎన్ని విమానాలు లేచాయో, ఎన్ని తిరిగివచ్చాయో, ఒక్కొక్కటి ఎంత ఇంధనం త్రాగిందో అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. దుధ్‌కుండి అనే పేరును ఆ కాగితాల మీద టైపు చేసిన అమెరికా గుమాస్తా, దానిని తప్పు లేకుండా రాయడానికి ఎంతో శ్రమపడి ఉంటాడు.